ఇండక్షన్ మెషిన్, స్పాట్ వెల్డింగ్, గోడ అవతల ప్యానెల్ రూమ్: పీణ్య కార్మికుడి ప్రశ్నకు జవాబు

తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను. మీది హిందూపురం. పని బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ రెండో స్టేజీలో, ఆటో విడిభాగాల యూనిట్‌లో. షాఫ్టులకి ఇండక్షన్ హార్డెనింగ్ చేసే, అంటే కరెంటు కాయిల్‌తో వేడెక్కించి గట్టిపరిచే మెషిన్ మీద ఆపరేటర్. ఆర్నెల్లుగా తలనొప్పి, నిద్ర సరిగా పట్టడం లేదు. మీ ఆవిడ అదే కంపెనీ అకౌంట్స్‌లో ఉన్నారు, ఇప్పుడు ఐదో నెల. ఆవిడ కుర్చీ వెనక గోడకి అవతలే కరెంటు ప్యానెల్ రూమ్. స్పాట్ వెల్డింగ్ చేసే మీ సీనియర్ ఒకాయన పేస్‌మేకర్ పెట్టించుకున్నారు, వచ్చే వారం డ్యూటీలో చేరుతున్నారు. కరెంటు తీగలు, రేడియో తరంగాల వల్ల క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూశాక మీ ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంది. ఇంటి మీది మొబైల్ టవర్ గురించీ, కంపెనీని ఎలా అడగాలో కూడా రాశారు.

మీరు తలనొప్పి గురించి పేజీ రాసి, పేస్‌మేకర్ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నేను దాంతోనే మొదలుపెడతాను. మీరు రాసిన వాటన్నిటిలో వాయిదా వేయకూడనిది అదొక్కటే. నేను డాక్టర్ని కాదు, చాలా ఏళ్లుగా ఫ్యాక్టరీల్లో ఎలక్ట్రికల్ సేఫ్టీ చూస్తున్నవాణ్ని. ఆ మేరకే చెప్తాను.

పేస్‌మేకర్ ఎప్పుడూ గుండెను వింటూ ఉంటుంది. గుండె తనంతట తాను కొట్టుకుంటే ఊరుకుంటుంది, లేకపోతే తను కొట్టిస్తుంది. అది వినే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. బయట బలమైన అయస్కాంత క్షేత్రం సెకనుకి యాభైసార్లు మారుతూ ఉంటే గుండెలోకి వెళ్లిన లీడ్ వైరులో కూడా చిన్న వోల్టేజీ పుడుతుంది. దాన్ని గుండె చప్పుడే అనుకుని పేస్‌మేకర్ ఊరుకుందనుకోండి, దాని మీదే ఆధారపడ్డ మనిషికి కళ్లు తిరుగుతాయి, స్పృహ తప్పొచ్చు. కొన్ని మోడళ్లు ఇలాంటి గోల వినపడగానే వినడం మానేసి ఒకే వేగంతో కొట్టించడం మొదలుపెడతాయి, అది కొంత నయం. షాకిచ్చే రకం, అంటే ఐసీడీ అయితే, అవసరం లేని షాకు ఇచ్చే ప్రమాదం ఉంది.

ఈ పరికరాలను మామూలు జనం తిరిగే చోట ఉండే క్షేత్రాలను తట్టుకునేలా తయారుచేస్తారు. మన 50 హెర్ట్జ్ కరెంటు దగ్గర ఆ స్థాయిని సుమారుగా 100 మైక్రోటెస్లా (అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే యూనిట్) అనుకోండి. ఇప్పుడు స్పాట్ వెల్డింగ్ లెక్క చూద్దాం. తీగలో కరెంటుని ఆంపియర్లలో తీసుకుని 0.2తో గుణించి, తీగ నుంచి దూరాన్ని మీటర్లలో పెట్టి భాగిస్తే మైక్రోటెస్లాలు వస్తాయి. స్పాట్ వెల్డింగ్ గన్‌లో 10,000 ఆంపియర్లు వెళ్లడం వింతేం కాదు. ఛాతీ నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఒంటి తీగలో అంత కరెంటు పోతే 6,600 మైక్రోటెస్లాలు దాటుతుంది. నిజానికి గన్‌లో కరెంటు పోయే దారీ, తిరిగొచ్చే దారీ దగ్గరదగ్గరే ఉంటాయి కాబట్టి కొంత రద్దవుతుంది, దూరం పెరిగేకొద్దీ ఇంకా వేగంగా పడిపోతుంది. ఎంత రద్దయినా, గన్‌ని పొట్టకి ఆనించుకుని పనిచేసే మనిషికి మిగిలేది 100 కన్నా చాలా ఎక్కువే. మామూలు ఆర్క్ వెల్డింగ్ కూడా తక్కువేం కాదు. 200 ఆంపియర్ల కేబుల్ భుజం మీద వేసుకుంటే, అది ఛాతీకి పది సెంటీమీటర్లలో ఉన్నప్పుడు లెక్క 400కి వస్తుంది.

కాబట్టి ఆ అన్న డ్యూటీలో చేరేలోపు జరగాల్సింది ఇది. పేస్‌మేకర్ పెట్టినప్పుడు ఆస్పత్రి వాళ్లు ఒక కార్డు ఇస్తారు, కంపెనీ పేరు, మోడల్ నంబరు అందులో ఉంటాయి. ఆ కార్డు, తను రోజూ వాడే వెల్డింగ్ మెషిన్ నేమ్‌ప్లేట్ ఫోటో, రెండూ పట్టుకుని గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. "ఫ్యాక్టరీలో పని చేయొచ్చా" అని అడిగితే "బరువులు ఎత్తకుండా చేసుకో" అని పంపించేస్తారు. "పదివేల ఆంపియర్ల స్పాట్ వెల్డింగ్ గన్ చేత్తో పట్టుకునే పని" అని స్పష్టంగా చెప్పాలి. అప్పుడు డాక్టర్ పరికరం కంపెనీ వాళ్లతో మాట్లాడి, దాన్ని ఎలా సెట్ చేశారో చూసి, రాతపూర్వకంగా ఇస్తారు. ఆ కాగితం వచ్చేదాకా ఆయన్ని స్పాట్ వెల్డింగ్ దగ్గరికీ, మీ ఇండక్షన్ మెషిన్ దగ్గరికీ రానివ్వకండి. ఇన్‌స్పెక్షన్, స్టోర్స్, ప్యాకింగ్, ఎక్కడైనా కూర్చోబెట్టొచ్చు. ఒకవేళ మెషిన్ల మధ్య నడుస్తున్నప్పుడు తల తిరిగినట్టు అనిపిస్తే కూర్చోవడం కాదు, ముందు అక్కడి నుంచి దూరంగా రావాలి. క్షేత్రం నుంచి బయటపడితే పరికరం సాధారణంగా మళ్లీ మామూలుగా పనిచేస్తుంది. ఇంకోటి, చొక్కా ఎడమ జేబులో ఫోన్ పెట్టుకునే అలవాటు మానాలి. పేస్‌మేకర్‌కి ఫోన్ కనీసం 15 సెంటీమీటర్లు దూరంగా ఉండాలి.

ఇలాంటివాళ్లు పైకి చెప్పుకోరు. చెబితే ఉద్యోగం పోతుందని భయం, కాంట్రాక్టు మనిషైతే ఇంకా భయం. మీరు సూపర్‌వైజర్ దగ్గరికి ఆయనతో కలిసి వెళ్తే మంచిది.

ఇక మీ మెషిన్. ఇక్కడ ఒక విషయం తెలియకపోతే అన్నీ కలగాపులగం అవుతాయి. ఫీల్డ్ (క్షేత్రం) అన్నా, రేడియేషన్ అన్నా అన్నీ ఒకటి కావు. ఎక్స్‌రే అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టగలదు, డీఎన్‌ఏను దెబ్బతీయగలదు. మీ ప్యానెల్‌లోని 50 హెర్ట్జ్‌కి గానీ, మీ మెషిన్‌లోని కిలోహెర్ట్జ్‌లకి గానీ ఆ శక్తి లేదు. తక్కువ ఫ్రీక్వెన్సీలో క్షేత్రం మరీ బలంగా ఉంటే ఒంట్లో చిన్న కరెంట్లు పుట్టి నరాలను కదిలిస్తుంది. కంటి అంచుల్లో మెరుపులు కనిపించడం, కండరం అదరడం లాంటివి. దూరం జరగగానే పోతాయి. ఫ్రీక్వెన్సీ మెగాహెర్ట్జ్‌లకి వెళ్తే నరాల సంగతి తగ్గి, ఒళ్లు వేడెక్కడం మొదలవుతుంది. రక్తం ఎక్కువగా పారని కంటి లెన్స్, వృషణాలు ఆ వేడిని త్వరగా వదిలించుకోలేవు.

పరిమితులు కూడా ఫ్రీక్వెన్సీని బట్టే మారతాయి. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది ఐసీఎన్‌ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ కమిషన్ అంకెలు. 2010లో ఇచ్చినదాని ప్రకారం 50 హెర్ట్జ్ దగ్గర కార్మికులకి 1,000 మైక్రోటెస్లా, మామూలు జనానికి 200. అదే 3 కిలోహెర్ట్జ్ దాటితే కార్మికుడి పరిమితి 100కి పడిపోతుంది. ఇండక్షన్ హార్డెనింగ్ మెషిన్లు కొన్ని కిలోహెర్ట్జ్ నుంచి కొన్ని వందల కిలోహెర్ట్జ్ దాకా ఉంటాయి. మీది వంద కిలోహెర్ట్జ్ లోపు నడిచేదైతే మీకు వర్తించేది ఆ 100 మైక్రోటెస్లా పరిమితే. వర్క్‌హెడ్‌కి, అంటే కాయిల్ ఉండే భాగానికి మరీ ఆనుకుని నిలబడితే అది దాటడం అసాధ్యమేమీ కాదు.

కానీ కాయిల్ విషయంలో మంచి సంగతి ఒకటుంది. కాయిల్ క్షేత్రం దూరంతో చాలా వేగంగా పడిపోతుంది. కాయిల్ సైజు కన్నా బాగా దూరం వచ్చాక, దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతుకి వస్తుంది. మీరు ఒక అడుగు వెనక్కి జరగడం చాలా ఖరీదైన షీల్డింగ్ కన్నా ఎక్కువ పని చేస్తుంది. షాఫ్టు వేడెక్కేటప్పుడు రంగు చూడ్డానికి ఆపరేటర్లు వర్క్‌హెడ్ మీదికి వంగుతారు, నడుం దాదాపు కాయిల్ ఎత్తులో ఉంటుంది. ఆ కొద్ది సెకన్లే అసలు ఎక్స్‌పోజర్. మెషిన్‌ని నడిపించే స్టార్ట్ బటన్‌ని ఒక మీటరు ఇవతల స్టాండ్ మీద పెట్టించి, చూడ్డానికి చిన్న అద్దం బిగిస్తే వంగే పని ఉండదు. ఇంకా ఒక చోటుంది, ఎవరూ పట్టించుకోరు. పవర్ సప్లై నుంచి కాయిల్‌కి వెళ్లే రాగి పట్టీలు. కవర్ తీసేసి ఉంటే ఆ పట్టీల పక్కన క్షేత్రం బాగా ఎక్కువగా ఉండొచ్చు. ఆపరేటర్ అక్కడే చెయ్యి ఆనించి నిలబడతాడు. కిలోహెర్ట్జ్‌ల దగ్గర మామూలు అల్యూమినియం రేకు కవరు కూడా బాగా అడ్డుకుంటుంది, కాబట్టి ఆ కవర్లు తిరిగి బిగించమని అడగండి.

ఉంగరం, కడియం, చేతి గొలుసు తీసి లాకర్లో పెట్టండి. ఇది మాట వరసకి చెప్పడం లేదు. కాయిల్ షాఫ్టుని ఎలా వేడిచేస్తుందో వేలికున్న ఉంగరాన్నీ అలాగే వేడిచేస్తుంది. ఒక యూనిట్‌లో ఆపరేటర్ ఉంగరం వేలు చుట్టూ ఎర్రగా, సన్నగా, దారం కట్టినట్టు కాలిన గుర్తు చూశాను. అతను "సబ్బు పడలేదు సార్, అలర్జీ" అంటున్నాడు. ఉంగరం తీసేయించాక ఇంక రాలేదు. యాక్సిడెంట్లో కాలికి రాడ్డు వేయించుకున్నవాళ్లు కూడా మెషిన్‌కి ఆనుకుని నిలబడే పనికి ముందు డాక్టర్ని అడగాలి.

తలనొప్పికి వద్దాం. మీ నొప్పి నిజం, అందులో నాకు అనుమానం లేదు. దానికి కారణం ఫీల్డ్ అని మాత్రం నేను అనుకోను. ఫీల్డ్ వల్ల తలనొప్పి, నిద్రలేమి వస్తున్నాయని చెప్పేవాళ్ల మీద చాలా పరీక్షలు జరిగాయి. తెర వెనక మెషిన్ ఆన్ చేశారో ఆఫ్ చేశారో వాళ్లకి తెలియనివ్వకుండా అడిగితే, ఊహించి చెప్పినదానికన్నా మెరుగ్గా ఎవరూ పట్టుకోలేకపోయారు. ఆన్‌లో ఉందనుకున్నప్పుడు మాత్రం బాధ నిజంగానే వచ్చింది. కాబట్టి మీ మెషిన్ దగ్గర నేను ముందు చూసేవి వేరే. కొన్ని కిలోహెర్ట్జ్‌ల మెషిన్ అయితే సన్నటి కీచు శబ్దం వస్తుంది, చెవికి పెద్దగా అనిపించదు గానీ ఎనిమిది గంటలు వింటే తల పగిలిపోతుంది. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో ఎనిమిది గంటలకి హద్దు 90 డెసిబెల్స్, పక్కన ప్రెస్ షాపు ఉంటే అది ఊరికే దాటుతుంది. క్వెంచింగ్ (వేడి షాఫ్టుని చల్లార్చడం) దగ్గర లేచే ఆవిరి, ఎర్రగా కాలిన లోహం వైపు అదే పనిగా చూడటం, చెమటకి తగ్గ నీళ్లు తాగకపోవడం, వారానికోసారి మారే నైట్ షిఫ్టు, ఇవన్నీ మీరు రాసిన లక్షణాలే తెస్తాయి. రెండు వారాలు చిన్న డైరీ రాయండి. ఏ షిఫ్టు, ఎన్ని గంటల నిద్ర, ఇయర్ ప్లగ్ పెట్టుకున్నారా, ఎన్ని బాటిళ్ల నీళ్లు తాగారు, నొప్పి ఎప్పుడు మొదలైంది. మధ్యలో ఒకరోజు ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లి బీపీ చూపించుకోండి, కళ్లు పరీక్ష చేయించుకోండి. అదే మెషిన్ మీద డే షిఫ్టులో నొప్పి లేకుండా, నైట్‌లో మాత్రమే వస్తుంటే కారణం మెషిన్‌లో లేదు.

ఆ వీడియోలో చెప్పిన క్యాన్సర్ సంగతి. డబ్ల్యూహెచ్‌ఓకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2002లో కరెంటు తీగల అయస్కాంత క్షేత్రాలను, 2011లో రేడియో తరంగాలను 2బీ గ్రూపులో పెట్టిన మాట నిజమే. ఆ గ్రూపుకి అర్థం, కారణం కావచ్చేమోనన్న పరిమిత ఆధారం ఉంది, తేలలేదు అని. మొదటిదానికి ఆధారం ఇళ్లలో పిల్లల మీద జరిగిన అధ్యయనాలు. ఎక్కువ కాలం సగటున 0.3, 0.4 మైక్రోటెస్లా పైన ఉన్న ఇళ్లలో పిల్లలకి రక్త క్యాన్సర్ కాస్త ఎక్కువ కనిపించింది. కారణం అదేనా, ఇంకేదైనానా అన్నది తేలలేదు, ప్రయోగశాలలో జంతువుల మీద అది నిలబడలేదు. మీ వీడియో ఇక్కడితో ఆపేస్తుంది. అదే ఐఏఆర్‌సీ 2017లో వెల్డింగ్ పొగనీ, వెల్డింగ్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలనీ గ్రూపు 1లో పెట్టింది. అంటే క్యాన్సర్ తెస్తాయని తేలిపోయినవి. రాత్రి షిఫ్టు పని 2ఏలో ఉంది, మీ ఫీల్డ్ కన్నా ఒక మెట్టు పైన. మీ షాపులో ఆర్క్ వెల్డింగ్ బే ఉందని రాశారు. అక్కడ పొగని బయటికి లాగేసే ఎగ్జాస్ట్ పనిచేస్తోందా, లేక పొగ నేరుగా వెల్డర్ ముక్కు ముందు నుంచే పైకి వెళ్తోందా? మేనేజ్‌మెంట్‌ని ఒక్క విషయమే అడిగే అవకాశం మీకుంటే నేనైతే ఎగ్జాస్ట్ గురించి అడుగుతాను.

మీ ఆవిడ కుర్చీ. ఇక్కడ ఫోన్ యాప్ పెట్టి కొలిచామని, 43 చూపించిందని, ఎర్ర రంగు వచ్చిందని రాశారు. ఆ 43 మైక్రోటెస్లాలు భూమి అయస్కాంత క్షేత్రానివి. ఫోన్లో ఉండేది దిక్సూచి కోసం పెట్టిన సెన్సరు, అది కదలని క్షేత్రాన్ని కొలుస్తుంది. దక్షిణ భారతంలో భూమి క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లా. లాల్‌బాగ్ మధ్యలో నిలబడి చూసినా అంతే వస్తుంది. ప్యానెల్ నుంచి వచ్చేది 50 హెర్ట్జ్‌ది, దానికి వేరే మీటరు కావాలి, మూడు దిక్కులా ఒకేసారి కొలిచేదైతే మంచిది. ఆ మీటరు పట్టుకుని మీ ఇండక్షన్ మెషిన్ దగ్గరికి మాత్రం వెళ్లకండి. చవకవి చాలా వరకు తక్కువ ఫ్రీక్వెన్సీలకే సరిగ్గా చెప్తాయి, పది కిలోహెర్ట్జ్ దగ్గర అవి చూపే అంకెని నమ్మలేం.

గర్భిణిని కార్మికురాలి పరిమితితో కాకుండా మామూలు జనం పరిమితితో చూడటం పద్ధతి. అంటే 200. ప్యానెల్ రూమ్ గోడకి ఇవతల కుర్చీలో మామూలుగా కొన్ని మైక్రోటెస్లాలు, బస్‌బార్ (ప్యానెల్‌లో ఎక్కువ కరెంటు మోసే లోహపు పట్టీ) సరిగ్గా వెనకే ఉంటే కొన్ని పదులు వస్తాయి. పరిమితికి చాలా కింద. ఇటుక గోడ అయస్కాంత క్షేత్రాన్ని ఆపదు, కిటికీకి అల్యూమినియం ఫాయిల్ అంటించినా 50 హెర్ట్జ్ దగ్గర లాభం లేదు, ఫోన్‌కి అంటించే చిప్‌లు డబ్బు దండగ. ఆపేది దూరం. ఆ బల్లని రెండు మీటర్లు ఇవతలికి జరిపితే అయిపోతుంది, పైసా ఖర్చు లేదు. పెద్ద ఖర్చు లేకుండా తగ్గించగలిగితే తగ్గించమని డబ్ల్యూహెచ్‌ఓ కూడా 2007 నివేదికలో చెప్పింది. పాత గాజు మానిటర్లు ఉన్న రోజుల్లో ఇలాంటి గదుల్లో తెర వణికేది, దాదాపు ఒక్క మైక్రోటెస్లాకే. అప్పుడు అకౌంట్స్ వాళ్లే గోల చేసి బల్లలు జరిపించుకునేవాళ్లు. ఎల్‌సీడీలు వచ్చాక ఎవరికీ తెలియడం లేదు. ఆవిడని షాప్ ఫ్లోర్‌లో ఇండక్షన్, వెల్డింగ్ మెషిన్ల దగ్గరికి మాత్రం పంపకండి, ఫైలు అందించడానికైనా సరే.

మీరు అడగలేదు గానీ పీణ్యలో ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా పీవీసీ ఫైళ్లు, రెయిన్‌కోట్లు, పౌచ్‌లు అతికించే హెచ్‌ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ) సీలింగ్ మెషిన్ల మీద పనిచేస్తుంటే, ఫీల్డ్ గురించి నిజంగా అడగాల్సింది వాళ్లు. ఆ మెషిన్లు ఎక్కువగా 27.12 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. ఆపరేటర్, చాలాచోట్ల ఆడవాళ్లే, ఎలక్ట్రోడ్‌కి చేతి దూరంలో కూర్చుని రోజంతా పెడల్ తొక్కుతూ ఉంటుంది. పరిమితులు దాటిన కేసులు ప్రపంచమంతా ఎక్కువగా దొరికిన పనుల్లో ఇదొకటి. మెషిన్‌తో పాటు చుట్టూ రేకు షీల్డు ఇస్తారు, షీటు పెట్టి తీయడానికి అడ్డమని దాన్ని విప్పి మూల పడేస్తారు. మెషిన్ నడుస్తున్నప్పుడు పక్కనున్న ఇనుప బల్ల ముట్టుకుంటే సూది గుచ్చినట్టు చురుక్కుమంటే, మణికట్టు లోపల్నుంచి వెచ్చగా అనిపిస్తే, ఆ రోజే ఆపించాలి. షీల్డు తిరిగి బిగించి, ఎర్తింగ్ పట్టీ సరిచేసి, కొలిపించాకే మళ్లీ నడపాలి.

మీ బిల్డింగ్ మీది మొబైల్ టవర్ గురించి ఎక్కువ చెప్పను. మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి టవర్ల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకి తగ్గించారు. యాంటెన్నా తన ముందుకి పంపుతుంది, సరిగ్గా కిందికి కాదు. నీళ్ల ట్యాంకు కడగడానికి పైకెక్కేవాళ్లు యాంటెన్నా ఎదురుగా నిలబడకుండా చూసుకుంటే చాలు.

కంపెనీని ఎలా అడగాలి అన్నారు. "రేడియేషన్ వస్తోంది" అని వెళ్తే నవ్వి పంపిస్తారు. పేస్‌మేకర్ ఉన్న ఉద్యోగికి డాక్టర్ రాసిన కాగితం, గర్భిణి ఉద్యోగి బల్ల మార్చమని ఒక ఉత్తరం, ఈ రెండూ సేఫ్టీ ఆఫీసర్‌కి ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. వాటి ఆధారంగా కొలతలు అడగండి. ఇండక్షన్ మెషిన్ తయారుచేసిన కంపెనీ దగ్గరే తరచూ కొలతల రిపోర్టు ఉంటుంది, ఒక్క ఈమెయిల్‌తో వస్తుంది. బయటివాళ్లతో కొలిపిస్తే మెషిన్ పూర్తి లోడ్ మీద ఉన్నప్పుడే కొలవమనండి. ఆపరేటర్ నిలబడే చోట తల, ఛాతీ, నడుం ఎత్తుల్లో విడివిడిగా కొలవాలి. ఖాళీగా తిరుగుతున్న మెషిన్ పక్కన కొలిచి అంతా బాగుందని రాసిచ్చే రిపోర్టులు చాలా చూశాను. రాతపూర్వకంగా అడిగినా కదలకపోతే కర్ణాటక ఫ్యాక్టరీలు, బాయిలర్ల శాఖకి ఆ ఉత్తరాల కాపీలతో రాయండి, ముందు పేస్‌మేకర్ విషయమే రాయండి.

కొలతలు వచ్చాక ఇక్కడ పెట్టండి, చూస్తాను. అంకె ఒక్కటే పెడితే ఏమీ చెప్పలేను. దాని పక్కన నేమ్‌ప్లేట్ మీది ఫ్రీక్వెన్సీ, కొలిచేటప్పుడు ఉన్న కరెంటు, కాయిల్ నుంచి ఎంత దూరంలో కొలిచారు అన్నది కూడా రాయండి.